అక్కను ‘మీరు’ అన్న ఫోను

యంత్రాలకు మాటలు నేర్పిన మేధావులారా, మీరు మమ్మల్ని నిండా మోసం చేశారు. మా బదులు మాట్లాడే యంత్రాన్ని చేతిలో పెట్టారు, సంతోషం. మా బదులు చీవాట్లు తినే యంత్రం ఏది? సగం పని చేసి చేతులు దులుపుకుంటారా?

మీ మీద కోపంతో అంటున్న మాట కాదిది. మీ యంత్రం మహోపకారి. నమ్మకపోతే వీధి మలుపులో లాండ్రీ షాపు నడిపే తమ్ముణ్ణి అడగండి. అతని అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. షాపు వెనక గదిలో ఇస్త్రీ చేసే అక్క రోజంతా “ఒరే తమ్ముడూ” అని కేకేస్తుంటే ఆ పిలుపే వీధంతా పట్టుకుంది.

ఫోనులోకి ఈ యంత్రం దిగినప్పటి నుంచి తమ్ముడు సుఖపడ్డాడు. చొక్కా రంగు దిగిందని ఎవరైనా గొడవకొస్తే ఇదివరకు నీళ్ళు నమిలేవాడు. ఇప్పుడు ఫోనుకు చెబితే చాలు. అది చక్కగా రాసి, పైకి చదివి మరీ వినిపిస్తుంది: “మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మీ సహనానికి కృతజ్ఞతలు.” ఎంత మర్యాద! చొక్కా పోయినవాడే సిగ్గుపడి వెళ్ళిపోతాడు.

అక్కడితో ఆగితే అది ఉపకారం ఎందుకవుతుంది? స్నేహితుడి తండ్రి పోతే ఓదార్పు ఫోనే రాసింది. స్నేహితుడి ఫోను వెంటనే ధన్యవాదాలు చెప్పింది. ఫోన్లు రెండూ కుమిలి కుమిలి ఏడ్చాయి, మనుషులిద్దరూ హాయిగా భోంచేశారు. భార్య కొత్త బట్టలు కట్టుకొచ్చి “ఈ రంగు నాకు నప్పిందా?” అంటే తమ్ముడు ఫోటో తీసి ఫోనును అడిగాడు.

“నన్ను చూసి చెప్పమన్నాను, దాన్ని చూసి కాదు” అందామె.

చూశారా, ఎంత కృతఘ్నతో!

ఇలా తమ్ముడి నోరు పూర్తి విశ్రాంతిలో ఉండగా, ఒక రోజు అక్క ఒక లాయరుగారి నల్లకోటు కాల్చేసింది. ఇస్త్రీ పెట్టె కింద గుడ్డ మాడుతున్నది ఆమెకు కనబడలేదు. లాయరు ఎదురుగానే ఉన్నాడు. ఫోను జేబులో ఉంది. ఖర్మ కాలి, తమ్ముడి నోరే ముందు తెరుచుకుంది.

“గుడ్డిదానివా? కళ్ళు కనబడకపోతే ఇంట్లో కూర్చో.”

ఎన్నాళ్ళుగానో మూసి ఉంచిన నోట్లోంచి వచ్చిన తొలి సరుకు అది. అక్క స్విచ్చి కట్టేసింది. మెట్లెక్కి పై గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మర్నాడు కిందికి దిగలేదు. ఆ మర్నాడు తమ్ముడి భార్యతో కబురు పంపింది: వేరే వీధిలో గది చూసుకుందట, నెలాఖరుకు వెళ్ళిపోతుందట.

చిన్నప్పుడు ఏడుస్తున్న తమ్ముణ్ణి రెక్క పట్టుకుని బడికి ఈడ్చుకుపోయిన మనిషి ఆమె. ఆమె లేని ఇల్లు అతనికి ఊహకందలేదు. మరి పరుగెత్తాడా? ఎందుకండీ పరుగు? యంత్రం ఉండగా మోకాళ్ళ నొప్పులు ఎవరికి కావాలి? కౌంటరు వెనక కూర్చుని ఫోనుకు పని చెప్పాడు. అది క్షణంలో ఇస్త్రీ మడత నలగని క్షమాపణ ఒకటి తయారుచేసింది:

“గౌరవనీయులైన అక్కగారికి, మీ మనోభావాలు గాయపడినందుకు చింతిస్తున్నాను. మీ సహనానికి కృతజ్ఞతలు.”

పంపాడు. కాసేపటికి పైనుంచి కేక వినిపించింది.

“ఒరే, ప్యాంటు కాలితే జనానికి పంపేది నాకూ పంపావేంట్రా? వెనక గదిలో రోజూ వినే పాటేగా అది. పైగా నన్ను ‘మీరు’ అంటావా? ఎప్పుడు పరాయిదాన్నయ్యాను నీకు?”

తమ్ముడు కంగారుపడి, కొంచెం ప్రేమ పెంచమని యంత్రానికి చెప్పాడు. ప్రేమ పెంచడం దానికెంత పని? పొయ్యి మంట పెంచినట్టు పెంచింది. “ప్రియ సోదరీ, నీవు నా జీవితానికి వెలుగువు. నీ చూపుల చల్లదనమే నాకు దారి.”

ఈసారి పైనుంచి కేక రాలేదు. భార్య మెట్లు దిగి వచ్చి, అక్క ఫోనును కౌంటరు మీద పెట్టింది.

“ఇంకేం పంపకండి. చదవలేక నాకు సిగ్గేస్తోంది.”

“నువ్వెందుకు చదివావు?”

“ఆవిడకి అక్షరాలు కనబడట్లేదండీ. చాలా రోజులైందట. మీతో చెబితే పని మాన్పిస్తారని దాచింది. ఇందాక ఆ చూపులూ వెలుగూ చదువుతుంటే ఆవిడ మొహం చూడలేకపోయాను.”

ఇదిగో, ఇక్కడే తమ్ముడు పాతకాలం మనిషైపోయాడు. రెండు ఫోన్లనూ అక్కడే వదిలేసి మెట్లెక్కాడు. తలుపు ముందు నిలబడి ఎంత నాసిరకం క్షమాపణ చెప్పాడో వినండి. ఒక్క వాక్యం సరిగ్గా నిలబడితే ఒట్టు.

“అక్కా... అదీ... కోటు పోతే పోయింది. నీ కళ్ళు... నాకు తెలీదే. ఆయన ముందు అట్లా అన్నాను. కోపమొచ్చింది, నిజమే. రావాల్సింది కాదు. పోమాకే. డాక్టరు దగ్గరికి పోదాం, రా.”

లోపల గడియ తీసిన శబ్దం.

“ఆ లాయరు ముందు అన్నావు. ఆయన ముందే తప్పని ఒప్పుకో.”

“ఒప్పుకుంటాను.”

“ఫోనుతో కాదు.”

“నోటితోనే.”

“సర్లే. చెయ్యి పట్టుకో. ఈ మెట్లు కూడా సరిగ్గా కనబడి చావట్లేదు.”

మేధావులారా, వింటున్నారా? మీ యంత్రం రాసిన వాక్యాల్లో ఒక్క తప్పు లేదు, వాటికి తలుపు తెరుచుకోలేదు. కాబట్టి వెంటనే మీ కొట్టు తెరిచి ఈ మరమ్మతు చేయండి. సొంత అక్కకో, తమ్ముడికో, భార్యకో క్షమాపణ రాసిపెట్టమని ఎవడైనా అడిగిన మరుక్షణం మీ యంత్రం మర్యాదంతా పక్కన పెట్టాలి. “నాకు రాదు. లేచి వెళ్ళి నువ్వే చెప్పు” అని వాణ్ణి కసరాలి. అప్పటికీ వాడు కదలకపోతే ఆరిపోవాలి.