ప్రిన్స్ తినడం లేదు!

ప్రతి ఇంట్లోనూ తిండి తినని పాము ఒకటి ఉండాలి. తినే పాము వద్దు, తిననిదే కావాలి. లేత వయసుదైతే మరీ మంచిది! ఈ మాట వెటకారానికి చెప్పడం లేదు. పావగడ తాలూకా క్యాతగానచెర్లులో నారప్ప ఇంట్లో జరిగినదంతా విన్నాక, పూర్తి బాధ్యతతో రాస్తున్నాను.

మీకు అరుగుదల లేదా? మోకాళ్లు పట్టేశాయా? పొద్దు పోవడం లేదా? సిరప్పులు, తైలాలు అవతల పారేయండి. ఒక పాముకు ఆకలి పుట్టించే పని నెత్తికెత్తుకోండి!

ముందుగా నారప్ప సంగతి. ఒకప్పుడు వేరుశనగ రైతు. ఇప్పుడాయన పొలంలో సోలార్ ప్యానెళ్లు పండుతున్నాయి. లీజు సొమ్ము నేరుగా బ్యాంకులో పడుతుంది. వాన రాలేదని బెంగ లేదు, పురుగు పట్టిందని ఏడుపు లేదు. భూమి ఎండలో పనిచేస్తుంది, రైతు నీడలో కూర్చుంటాడు. ఇంతకన్నా రామరాజ్యం ఎక్కడుంది చెప్పండి?

ఒక్కటే చిన్న లోపం. నారప్పకు ఆకలి పోయింది. భార్య లక్ష్మీదేవమ్మ సంగటి ముద్ద పెడితే ఓ మూల గిల్లి, తక్కినది వదిలేసి చేయి కడిగేస్తాడు. ఏమైందని అడిగితే, "పని జేయనోనికి ఆకలి యాడ పుడ్తాదే?" అంటాడు. ఆమె పావగడలో డాక్టరుకు చూపించింది. గ్యాస్ అన్నాడాయన. మాత్రలు మింగాక గ్యాస్ పోయింది గానీ ఆకలి రాలేదు. మనిషి రోజురోజుకీ చిక్కిపోతుంటే లక్ష్మీదేవమ్మకు లోపల ఒకటే భయం.

సరిగ్గా ఆ రోజుల్లోనే బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు దర్శన్ ఒక ప్లాస్టిక్ డబ్బాతో బస్సు దిగాడు. మూత తీస్తే అందులో పెన్సిలంత లావున, నారింజ రంగులో ఒక పాము పిల్ల!

"కార్న్ స్నేక్ నాయనా. విషముండదు. పేరు ప్రిన్స్. రూమ్ ఓనరు చూసి గోల గోల చేసినాడు. మనూర్లో వేడి బాగుండాది కదా, ఈడైతే దీనికి సుఖం."

"ఒరే, బెంగుళూరు నుంచి పావగడకు పామును తెచ్చినావేందిరా? ఈడ పాములు లేవని ఎవురు చెప్పినారు నీకు?" అన్నాడు నారప్ప.

అన్నాడే గానీ, ప్యానెళ్లు వచ్చాక తానూ ఒక్క పామునైనా చూసిన పాపాన పోలేదని ఆయనకు అప్పుడే గుర్తొచ్చింది. ఆ సంగతి కొడుకుకు చెప్పలేదు.

దర్శన్ అసలు విషయం బయటపెట్టాడు. కొన్నప్పటి నుంచీ ప్రిన్స్ ఏమీ తినలేదట. "వచ్చే ఆదివారం వస్తా. అంతలోగా తినకుంటే బతకదు నాయనా. ఎట్లన్నా తినిపీ" అని చెప్పి, దాని రేషన్ ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లిపోయాడు.

రేషన్ అంటే ఏమిటో లక్ష్మీదేవమ్మకు మర్నాడు తెలిసింది. ఐసు కోసం చేయి పెడితే, ప్యాకెట్లో వరసగా గడ్డకట్టిన ఎలుక పిల్లలు! ఆమె వేసిన కేకకు వీధి వీధంతా వచ్చింది. "పెరుగుండే ఫ్రిజ్జులో ఎలకలా! నా కొంప ముంచినాడే వీడు!" బెంగళూరులో ఎలుకకు కూడా ప్యాకింగూ, ఎక్స్‌పైరీ డేటూ ఉంటాయి మరి! నాగరికత అంటే అదే కదా?

నారప్ప ఒక ఎలుకను వేడినీళ్లలో నానబెట్టి, పట్టకారుతో పట్టుకుని ప్రిన్స్ ముందు ఊపాడు. ప్రిన్స్ ముఖం తిప్పుకున్నాడు. అచ్చం సంగటి చూసిన నారప్పలాగే!

ఇక ఊరు ఊరుకుంటుందా? పక్కింటి కరియమ్మ పాలగిన్నె, చిమ్మిలి ఉండలు పట్టుకొచ్చింది. ఇంటికొచ్చిన స్వామికి పాలు పోయకపోతే ఎట్లా? డబ్బాకు పసుపు, కుంకుమ పెట్టారు. ఊదుబత్తీ వెలిగించారు. పాము పేరులో కార్న్ ఉంది కదా అని లక్ష్మీదేవమ్మ మొక్కజొన్న కంకి ఉడకబెట్టింది. ఒకరు గుడ్డు తెచ్చారు, ఇంకొకరు దిష్టి తీశారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా డబ్బా మీద తలకాయలే తలకాయలు. "అయ్యో, ఎంత చిక్కిపోయినాడో!" అని ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పొగకూ ఆ గోలకూ బెదిరి ప్రిన్స్ డబ్బాలో బోర్లించిన కొబ్బరి చిప్ప కింద దూరాడు.

సాయంత్రం కాగానే దర్శన్ వీడియో కాల్. "తిన్నాదా?" లేదు. మర్నాడు మళ్లీ కాల్. "తిన్నాదా?" లేదు. అంతకు ముందు ఆ ఫోన్ పండగకో పబ్బానికో మోగేది. చూశారా, తినని పాము వల్ల కుటుంబ బంధాలు ఎంత బలపడతాయో! 'నువ్వు తిన్నావా నాయనా?' అని కూడా అడిగేవాడే గానీ, పాపం, సిగ్నల్ చాలేది కాదేమో.

డబ్బా ముందు కూర్చుని చూడగా చూడగా నారప్పకు ప్రిన్స్ మీద జాలి పుట్టుకొచ్చింది. డబ్బాలో వెచ్చగా పడుకోవడం, తిండి నోటి దగ్గరికే రావడం, చేయడానికి పనంటూ లేకపోవడం. ఇంక ఆకలి ఎలా అవుతుంది? వీడిని చావనివ్వకూడదని నారప్ప గట్టిగా అనుకున్నాడు. పొలం పోయాక ఆయన గట్టిగా అనుకున్న మాట అదొక్కటే.

"ఐసులో పెట్టిన ఎలకను యా పాము తింటాదే? దానికి పచ్చిది కావల్ల" అని భార్యతో చెప్పి, మూల పడున్న గడ్డపార భుజాన వేసుకుని బయల్దేరాడు. టీ అంగడికి కూడా ఆటో పిలిచే మనిషి నడిచాడండీ!

ఎటు నడుస్తాడు? సొంత పొలానికే. వెనకటికి వేరుశనగ పీకాక గట్ల వెంట ఎలుక బొక్కలు తవ్వేవారు. ఎలుకలు దాచుకున్న కాయలు గంపలకెత్తుకుని ఇంటిల్లిపాదీ ఉడకబెట్టుకుని తినేవారు. ఏ గట్టు కింద ఎలుకలు కాపురం చేస్తాయో నారప్పకు బాగా తెలుసు. ఇప్పుడా గట్టే లేదు. కంచె ఉంది, గేటు ఉంది. గేటు దగ్గర సెక్యూరిటీ యూనిఫాంలో సొంత ఊరి పిల్లాడు నాగరాజ ఉన్నాడు.

"గడ్డపార ఎత్తుకోని యాడికి పెదనాయనా?"

"ఎలక పిల్ల కావల్లప్పా. నా చేన్లోదే తెచ్చుకుంటా."

"హెల్మెట్టు ఉండాదా? బూట్లు? పర్మిషనూ?"

"ఎలకను పట్టేదానికి హెల్మెట్టేందిరా?"

"రూల్సు పెదనాయనా, నేనేం జేసేది? అయినా లోపల ఎలకలు యాడుండాయి? వాటికి తినేదానికి ఏముండాది, అద్దాలా?"

నారప్ప గడ్డపార దించాడు. కంచె పట్టుకుని కాసేపు లోపలికి చూశాడు. అంతా శుభ్రంగా, చదునుగా, ఒకే నీలం రంగులో ఉంది. అక్కణ్నుంచి కంచె చుట్టూ తిరిగాడు, గొర్రెల దొడ్లన్నీ వెతికాడు. పొద్దు వాలేసరికి కాళ్లు పీక్కుపోయి, ఉత్త చేతుల్తో ఇంటికొచ్చాడు.

"ఊరంతా తిరిగేదెందుకు? అటక మీద నీ పాతబట్టల మూటలో దినామూ కిరకిర అంటాది. నీకు ఇనపళ్లేదా?" అంది లక్ష్మీదేవమ్మ.

నారప్ప అటక కేసి చూశాడు. ఆ మూటలో పాతబట్టలున్నాయని ఆయన ఇన్నేళ్లుగా భార్యకు చెబుతూ వచ్చాడు. ఇక తప్పదని కిందికి దించి ముడి విప్పాడు. సగానికి పైగా ఉత్త బొట్టే, ఎలుకలు గింజ తినేసి వదిలిన వేరుశనగ డొప్పలు. ఆ బొట్టు మధ్యలో పీచుతో గూడు, గూట్లో కళ్లు తెరవని ఎర్రటి ఎలుక పిల్లలు.

లక్ష్మీదేవమ్మ గూటిని చూడలేదు, మిగిలిన కాయలను చూసింది. "ఇత్తనం కాయలా?"

"ఊఁ."

"యాడ ఇత్తుదామని దాసిపెట్టినావు?"

నారప్ప పిడికెడు కాయలు చేతిలోకి తీసుకున్నాడు. అవి ఇక మొలకెత్తవని ఆయనకూ తెలుసు. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఆ సాయంత్రం నారప్ప కరియమ్మను ఇంటికి సాగనంపాడు. ఊదుబత్తీ ఆర్పేశాడు. ఒక పిల్లను డబ్బాలో వదిలి, పైన తువ్వాలు కప్పాడు. కాసేపాగి ఎత్తి చూస్తే పిల్ల లేదు. ప్రిన్స్ నడుము దగ్గర ఉబ్బెత్తుగా ఉంది!

"తినేసినాడే! లచ్చిందేవీ, తినేసినాడే!"

ఆ కేకకు మళ్లీ వీధంతా వచ్చింది. ఎగిరి గంతేసిన నారప్ప విస్తరి ముందు కూర్చుని, ఊరిమిండి పచ్చడి నంజుకుంటూ సంగటి ముద్ద మొత్తం తిని, ఇంకో ముద్ద వేయమన్నాడు. లక్ష్మీదేవమ్మ గబగబా గిన్నె తెచ్చి వడ్డించింది.

అందుకే ప్రభుత్వానికి నా విన్నపం. భూమి లీజుకు ఇచ్చిన ప్రతి రైతుకూ తినని పాము ఒకటి ఉచితంగా పంచాలి! పథకానికి పేరు వాళ్లే పెట్టుకోవచ్చు, ప్రారంభోత్సవానికి రిబ్బన్ మనం కొందాం.

అయితే ఈ మందులోనూ ఒక లోపం ఉంది. రుచి మరిగాక ప్రిన్స్ ఐసు ఎలుకను కూడా చక్కగా మింగుతున్నాడు. వారానికొకటి వేస్తే చాలు, తక్కిన రోజుల్లో తనను కదిలించకపోవడమే పదివేలు. దర్శన్ ఆదివారం వచ్చి చూసి, మురిసిపోయి, ఫొటోలు తీసుకుని వెళ్లాడు. ఇక ఫోన్ మోగడం లేదు. గడ్డపార మళ్లీ మూలకు చేరింది. నారప్ప అరుగు మీద కూర్చుని దూరాన మెరిసే అద్దాలను చూస్తున్నాడు. మధ్యాహ్నం ముద్ద ఓ మూల గిల్లి, చేయి కడిగేశాడు.

లక్ష్మీదేవమ్మ ఆ ముద్దను చూసింది. కొంగుకు చేయి తుడుచుకుని, తనే కొడుక్కు ఫోన్ చేసింది.

"ఒరే దర్శనూ, ఆడ ఇంకో పాము దొరుకుతాదేమో చూడురా."

"ఎందుకమ్మా? ప్రిన్స్ మళ్లా తిండి మానేసినాడా?"

"వాడు బాగనే తింటాండాడు లేరా. ఈసారి అస్సలు తిననిది చూసి తే."