పిల్లికూతలు

ఒక పెద్ద అడవిలో, ఆసుపత్రికి పైకప్పు లేకపోయినా పరిశోధన విభాగం మాత్రం ఉండేది. దానికి డైరెక్టరు నక్క.

ఆ అడవిలో చుక్కమ్మ అనే దుప్పికి చలిగాలి తగిలితే చాలు, ఊపిరాడేది కాదు. మందంతా పరిగెడుతుంటే తనొక్కతే వెనకబడేది. వెనకబడ్డ దుప్పి మీద పులికి ఎంత ప్రేమో వేరే చెప్పాలా?

డాక్టరు ఎలుగుబంటి ఆమె ఛాతీకి చెవి ఆనించి విన్నాడు. కేసు షీటులో తీరుబడిగా రాశాడు: "ఆయాసం. ఛాతీలో పిల్లికూతలు."

"ఉబ్బసానికి కొత్త కషాయం వచ్చిందమ్మా. పరిశోధన వాళ్లు రోగుల్ని ఎంచి ఊరికే ఇస్తారట. నీకు పిలుపు రాకుండా ఎలా ఉంటుంది?" అని ధైర్యం చెప్పాడు.

అక్కడ పరిశోధన ఆఫీసులో నక్క తన గుమాస్తా చిలుకను పిలిచాడు. "షీట్లన్నీ వెతుకు. 'ఉబ్బసం' అన్న మాట ఎవరి షీటులో ఉంటే వాళ్లని పిలిపించు."

"వాక్యం మొత్తం చదవాలాండీ?"

"చదువుతూ కూర్చుంటే పరిశోధన ఎప్పుడు చేస్తాం? మాట చూడు, చాలు."

పిలుపు అడవిదున్నకి వచ్చింది. అతని షీటులో "ఉబ్బసం లేదు" అని ఉంది మరి. చుక్కమ్మకి రాలేదు. ఎదురుచూసి ఎదురుచూసి, రొప్పుకుంటూ ఆఫీసుకే వెళ్లింది.

చిలుక షీటు తిరగేసింది. "నీ దాంట్లో ఉబ్బసం లేదమ్మా, పిల్లి ఉంది. పిల్లుల మీద ఫిర్యాదులు పక్క గదిలో తీసుకుంటారు."

"అయ్యో, ఆ కూతలు నా ఛాతీలోవి తల్లీ! కావాలంటే వినండి!"

నక్క చెవి రిక్కించాడు. లోపల సన్నగా ఈల వేస్తోంది. "వినబడుతోందమ్మా," అన్నాడు జాలిగా. "కానీ రాసి లేదే!"

కళ్లు తుడుచుకుంటూ బయటికొస్తే, దొప్పలో కషాయం పట్టుకుని మొహం వికారంగా పెట్టుకున్న అడవిదున్న కనిపించాడు. సంగతంతా విన్నాడు.

"లేని జబ్బుకి ఈ చేదు తాగలేక చస్తున్నాను చెల్లెమ్మా. పుణ్యముంటుంది, నువ్వు తాగిపెట్టు," అన్నాడు.

ఆనాటి నుంచి పొద చాటున అతని కషాయం ఆమె తాగింది. చలి ఇంకా పోకముందే మంద మధ్యలో పరిగెత్తసాగింది. పులి వేరేచోట భోజనం వెతుక్కుంది.

నక్క నివేదిక ఇచ్చాడు: "మందు ఇచ్చినవారిలో ఇప్పుడు ఒక్కరికీ ఉబ్బసం లేదు." శాలువా కప్పి సన్మానం చేశారు.

చుక్కమ్మని చూసి ఎలుగుబంటి పొంగిపోయాడు. ఆమె షీటులో పెద్ద అక్షరాలతో రాశాడు: "ఉబ్బసం పూర్తిగా తగ్గిపోయింది."

మర్నాడే చిలుక ఎగురుకుంటూ వచ్చింది. "శుభవార్త చుక్కమ్మగారూ! ఉబ్బసం రోగిగా మీరు ఎంపికయ్యారు!"

నీతి: పరిశోధకుల కంట పడాలనుకునే రోగి ముందుగా జబ్బు నయం చేసుకోవాలి.