స్వర్ణలత వేలి అలవాటు

ఆ రోజు పొద్దున కుర్ర గుమాస్తా భార్గవ్ పెట్టుకున్న పని ఒక్కటే. స్వర్ణలత ఆఫీసుకు వచ్చేలోపు ఆమె కంప్యూటర్లో రెండు మీటల పనులు అటుది ఇటు, ఇటుది అటు మార్చేయాలి.

విమానాశ్రయం పక్కనున్న ఆ కార్గో ఆఫీసులో ఉత్తరాలన్నీ స్వర్ణలతే టైపు చేస్తుంది. టైపు చేసే పాత సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్-2 నొక్కితే సేవ్ అయ్యేది, ఎఫ్-4 నొక్కితే పేజీ మూసుకునేది. కొత్తదానిలో అంతా తారుమారు. అలవాటు కొద్దీ వేలు ఎఫ్-2 మీదికి పోతుంది, టైపు చేసిందంతా చెప్పాపెట్టకుండా గల్లంతవుతుంది. ఇంకొక్క ఉత్తరం పోయినా గోడౌన్‌కు మార్చేస్తానని మేనేజర్ రాఘవయ్య చెప్పేశారు. భార్గవ్‌కు ఆమె మీద జాలి గోరంత, సెట్టింగుల మీద కుతూహలం కొండంత. ఏ మీట ఏ పని చేయాలో మనమే చెప్పుకోవచ్చని నిన్ననే కనిపెట్టాడు మరి! ఆమె పాత అలవాటుకు తగ్గట్టు ఎఫ్-2కు సేవ్, ఎఫ్-4కు మూసేసే పని అప్పగించి, ముందే చెప్తే సరదా ఏముందని టీకి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి స్వర్ణలత తల పట్టుకుని కూర్చుంది.

"దుబాయి పోయే కరివేపాకు ఉత్తరం పాయె తమ్మీ! మధ్యాహ్నమే విమానం. ఇగ నన్ను గూడ కరివేపాకు లెక్కనే తీసి పారేస్తరు."

తన సెట్టింగే బెడిసికొట్టిందనుకున్నాడు భార్గవ్. ఆమె మంచినీళ్లకు లేవగానే గుట్టుగా అంతా మొదట్లో ఉన్నట్టే పెట్టేశాడు. ఆమె మళ్లీ టైపు చేసింది. మళ్లీ పోయింది. ఆమె మేనేజర్‌ను పిలవడానికి వెళితే, ఇదేం వింత అనుకుంటూ భార్గవ్ మీటలను మరోసారి మార్చాడు.

"ఈమాత్రం దానికి ఇంత గొడవా? జరగండమ్మా" అంటూ రాఘవయ్య కూర్చున్నారు. ఉత్తరమంతా టైపు చేసి, కొత్త పద్ధతి ప్రకారం దర్జాగా ఎఫ్-4 నొక్కారు. తెర ఖాళీ అయింది.

భార్గవ్ ఇక దాచలేకపోయాడు. "సార్, మీటలు నేనే మార్చానండి. అక్క వేలు ఎఫ్-2కే పోతుందని..."

"ఏడ పోతది? వారం సంది మా బిడ్డ దగ్గర కూసోని ఎఫ్-4 నేర్చుకున్న. పొద్దుగాల గదే కొట్టిన, ఉత్తరం పాయె. పాతదే నయమని ఎఫ్-2 కొట్టిన, గది గూడ పాయె!" స్వర్ణలత మేనేజర్ వైపు తిరిగింది. "సార్, ఇగ గోడౌన్‌కు ఇద్దరం పోదామా?"

రాఘవయ్య గొంతు సవరించుకున్నారు. "బాబూ, రెండూ సేవ్ చేసేలా పెట్టలేవా?"

భార్గవ్ కళ్లు మెరిశాయి. క్షణంలో పెట్టేశాడు. కరివేపాకు విమానమెక్కింది, స్వర్ణలత కుర్చీ కదల్లేదు.

ఇప్పుడు ఆ రెంటిలో ఏది నొక్కినా ఉత్తరం భద్రమే. దాన్ని మూయడం ఎలాగో మాత్రం ఆ ఆఫీసులో ఇంకా ఎవరికీ తెలియదు.