బతికున్నంతకాలం గ్యారంటీ

మాబూబీ వసారాలో చక్రాల కుర్చీలో కూర్చుని, ఒళ్ళో చేట పెట్టుకుని, ఏడాది కారానికి ఎండబెట్టిన మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. పక్షవాతం వచ్చి తగ్గినప్పటినుంచీ ఆమె కుడిచెయ్యి బరువు పెట్టడానికి తప్ప మరెందుకూ రావడం లేదు. అందుకని కాయను కుడి అరచేతి కింద అదిమి, ఎడమచేత్తో తొడిమ లాగేస్తోంది. టక్కుమని చిన్న చప్పుడు. మళ్ళీ ఇంకో కాయ.

ఆమె భర్త నజీర్ గడప దగ్గర గొంతుక్కూర్చుని, గచ్చు మీద నిమ్మకాయ పెట్టి వదిలాడు. నిమ్మకాయ ఆలోచించుకుంటున్నట్టు ఒక్క క్షణం ఆగింది. తర్వాత మెల్లగా కదిలి, జోరందుకుని, వసారా చివర పక్కింటి వెంకటరావమ్మ వాళ్ళ పిట్టగోడకు కొట్టుకుని నిలబడింది.

"చూశావా? నిన్నటికంటే జోరుగా పోయింది," అన్నాడు నజీర్.

"నిన్నటిది వడిలిపోయిన కాయ. ఇవాళ్టిది కొత్తది," అంది మాబూబీ తలెత్తకుండా.

ఆ ఊరి కింద ఉన్నదంతా నల్లరేగడి. ఎండలకు నెర్రెలిస్తుంది, వానలకు ఉబ్బుతుంది, తన మీద ఏది కట్టినా నిలకడగా ఉండనివ్వదు. నజీర్ ఇంటి వసారా గచ్చు పిట్టగోడ వైపు కుంగింది. గచ్చు కుంగితే అతనికి పెద్ద బాధ లేదు. బాధల్లా కుర్చీ గురించి. రోజూ ఏదో ఒక వేళకి ఆ కుర్చీ మాబూబీతో సహా తనంతట తానే బయల్దేరి పిట్టగోడ దగ్గరికి పోతోంది. నజీర్ పెరట్లో ఉన్నవాడు ఉన్నట్టే పరుగెత్తుకొచ్చి వెనక్కి లాక్కొచ్చేవాడు. బ్రేకు చెడిందనుకుని సైకిల్ షాపులో రెండుసార్లు బాగు చేయించాడు. బాగు చేయించిన రోజే కుర్చీ మళ్ళీ పోయింది. ఏదో ఒకరోజు తిరగబడి మనిషి పడిపోతుందని అతనికి అన్నం సహించడం మానేసింది.

అందుకే ఆ పొద్దున గట్టిగా అనుకున్నాడు. ఇవాళ పొద్దుగూకేలోపు గచ్చు లేపే మనిషిని ఖాయం చేసెయ్యాలి. అదీ మంచి గ్యారంటీ ఉన్న మనిషిని.

నజీర్ చాలా కాలం గుంటూరు మిర్చి యార్డులో కాటా వేశాడు. మిరపకాయల బస్తా, అదే టిక్కీ, కనబడితే పైకాయ చూసేవాడు కాదు. మోచేతి దాకా చెయ్యి దోపి అడుగుకాయ తీసి చూసేవాడు. ఆ అలవాటు మనుషుల దగ్గర కూడా పోలేదు.

ముందుగా ఒంగోలు నుంచి ఒక కంపెనీ తరఫున వాసిం అనే కుర్రాడు బండి మీద వచ్చాడు. గచ్చుకు బెజ్జాలు వేసి, మిషనుతో అడుగుకి సిమెంటు పాలు ఎక్కిస్తే గచ్చు దానంతటదే లేస్తుందని చెప్పాడు. నున్నటి కాగితం మీద పదేళ్ళ గ్యారంటీ ఇచ్చాడు. నజీర్ కళ్ళజోడు పెట్టుకుని కాగితం వెనక్కి తిప్పాడు.

"అడుగున నీరు చేరితే గ్యారంటీ వర్తించదు," అని చదివాడు. "వానాకాలం ఏం చెయ్యమంటావు బాబూ?"

"అది కంపెనీ రూలండీ."

"లారీల అదురుకి కుంగితే వర్తించదు. మా రోడ్డున చీమకుర్తి రాళ్ళ లారీలు తప్ప ఏం పోతాయి? నేల గుణం వల్ల కుంగితే వర్తించదు. మరి దేనివల్ల కుంగితే వర్తిస్తుంది నాయనా?"

వాసిం నిజాయితీగా ఆలోచించాడు. "ఇంతవరకూ ఎవరూ అలా అడగలేదండీ," అన్నాడు.

మాబూబీ అతనికి మజ్జిగ ఇప్పించి పంపింది.

తర్వాత ఊళ్ళోనే ఉండే ఆదాం మేస్త్రీ వచ్చాడు. వయసు మీదపడిన మనిషే గానీ చేతిలో తాపీ ఇంకా పట్టు వదల్లేదు. సిమెంటు పాలు ఎక్కించే మిషను అతని దగ్గరా ఉంది, అద్దెది. గచ్చు మీద చెప్పుల్లేకుండా అటూ ఇటూ నడిచాడు, మడమతో తట్టి విన్నాడు.

"లేపుతా సాయిబు గారూ. మట్టసంగా చేసి ఇస్తా."

"గ్యారంటీ?"

"నేను బతికున్నంతకాలం. మళ్ళీ కుంగితే కబురు పెట్టు, వచ్చి లేపుతా. పైసా ఇవ్వొద్దు."

షరతులు లేవు, వెనక్కి తిప్పడానికి కాగితం లేదు. నజీర్‌కి ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే ఆదాం మేస్త్రీ దగ్గాడు. ఒకసారి కాదు, తువ్వాలు అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేలా దగ్గాడు.

మేస్త్రీ వెళ్ళిపోయాక నజీర్ గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బతికున్నంతకాలం అంటే ఎంతకాలమన్నది తేలాలి కదా. పైకాయ బాగానే ఉంది. అడుగుకాయ చూడాలి.

చొక్కా వేసుకుని మందుల షాపుకి పోయాడు. కోటేష్ అప్పుడే తాళం తీసి, షాపు ముందు నీళ్ళు చల్లుతున్నాడు.

"ఒరేయ్ కోటేషూ, మన ఆదాం మేస్త్రీ నీ దగ్గరేనా మందులు కొనేది?"

"నా దగ్గరే బాబాయ్. జలుబు బిళ్ళలూ అవీ. ఏం?"

"ఏం లేదురా. మనిషి ఎన్నాళ్ళుంటాడో కాస్త తెలిస్తే, మా పని విషయం ఒక నిర్ణయానికొద్దామని."

కోటేష్ చేతిలో చెంబు ఆగిపోయింది. "అంతదాకా వచ్చిందా?"

"అది నువ్వు చెప్పాలి."

"నాకు తెలీదు బాబాయ్. ఇంకేమన్నా పెద్దమందులు వాడుతుంటే ఒంగోల్లో తెచ్చుకుంటున్నాడేమో."

"ఒంగోలా!" అన్నాడు నజీర్.

ఇద్దరికీ తెలియని కబురును ఒకరి దగ్గర ఒకరు అందుకుని, ఇద్దరూ బరువుగా విడిపోయారు. నజీర్ బజారు పని చూసుకుని మధ్యాహ్నానికి మసీదుకి పోయాడు. నమాజులో మేస్త్రీ ఆయుష్షు కోసం కూడా ఒక మాట వేడుకున్నాడు. ఇంటికొచ్చేసరికి మాబూబీ ముఖం చిన్నబుచ్చుకుని ఉంది.

"విన్నావా? పాపం, ఆదాం మేస్త్రీకి ఒంగోల్లో పెద్దడాక్టర్లు పెదవి విరిచేశారంట. వెంకటరావమ్మ వదిన చెప్పింది."

నజీర్ గడప మీద కూలబడ్డాడు. పొద్దున తన నోటినుంచి బయల్దేరిన మాటే స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంటికొస్తే అతను ఆనవాలు పట్టలేకపోయాడు.

"నేననుకుంటూనే ఉన్నా! ఆ దగ్గు వినగానే అనుకున్నా," అన్నాడు.

"గచ్చు సంగతి తర్వాత. ముందు పోయి ఆ మనిషిని పలకరించిరా."

నజీర్ బ్రెడ్డు కొనుక్కుని బయల్దేరాడు. మేస్త్రీ ఇంటి ముందు అప్పటికే చెప్పులు గుట్ట పడి ఉన్నాయి. పందిరి కింద నులకమంచం మీద మేస్త్రీ పడుకుని ఉన్నాడు. ఎవరిదో కళ్ళం గచ్చు చేస్తుంటే జనం పోయి, చేతిలో తాపీ లాక్కుని, రిక్షాబండి మీద ఎక్కించి తెచ్చారట. భార్య హెలెన్ విసనకర్రతో విసురుతూ ఏడుస్తోంది. సింగరాయకొండ నుంచి ఆమె చెల్లెలు ఆటో దిగుతూనే శోకం అందుకుంది. పాస్టరు గారు ప్రార్థన ముగించి టీ తాగుతున్నారు.

మంచానికి రెండోవైపు ఇంకో వరస ఉంది. అది పలకరించడానికి వచ్చిన వరస కాదు. మేస్త్రీ గ్యారంటీ ఇచ్చిన వాళ్ళ వరస.

"అడగడానికి నోరు రావట్లేదు మేస్త్రీ," అంటోంది ముందున్నావిడ కొంగుతో కళ్ళొత్తుకుంటూ, "మా నీళ్ళతొట్టి అడుగున చెమ్మ దిగుతోంది. నువ్వుండగానే ఓసారి..."

"మా బాత్రూం గట్టు కూడా, బాబాయ్. తొందరేం లేదు. అంటే, కాస్త తొందరే."

"అందరికీ మాటిచ్చాను," అన్నాడు మేస్త్రీ నీరసంగా. "హెలెనూ, ఎవరెవరి ఇళ్ళో గుర్తుపెట్టుకో. రేపు కాస్త లేవగలిగితే అన్నీ చుట్టొస్తా. మాట బాకీ ఉంచి పోకూడదు."

ఆ మాటకి నజీర్ తనను తానే తిట్టుకున్నాడు. ఇలాంటి మనిషి గ్యారంటీనా తను అనుమానించింది! బ్రెడ్డు పట్టుకుని ఏ వరసలో నిలబడాలో తెలియక మధ్యలో నిలబడిపోయాడు.

హెలెన్ ముక్కు చీదుకుంది. "ఇంత జబ్బు పెట్టుకుని ఒక్క ముక్క నాకు చెప్పలేదు చూడండి. నాకు తెలీకుండా ఒంగోలు ఎప్పుడు పోయావయ్యా?"

మేస్త్రీ తల తిప్పాడు. "నేనెక్కడ పోయానే? నాకు తెలీకుండా నువ్వే రిపోర్టులు తెచ్చి దాచిపెట్టావనుకుంటున్నా."

"నేనా? నాకు కోటేష్ షాపులో తెలిసింది."

అందరూ కోటేష్ వైపు చూశారు. షాపు మూసి మరీ వచ్చాడు పాపం. "నాకు నజీర్ బాబాయ్ చెప్పాడు," అన్నాడు.

"నేనా? నాకు మా మాబూబీ చెప్పింది!"

"ఆమెకెవరు చెప్పారు?"

"పక్కింటి వెంకటరావమ్మ."

"ఆవిడకి చెప్పింది నేనే," అన్నాడు కోటేష్ చిన్నగా. "తలనొప్పి బిళ్ళ కోసం వచ్చింది."

పాస్టరు గారు టీ గ్లాసు కింద పెట్టారు. తప్పించుకోవడానికి దారి లేక నజీర్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. బతికున్నంతకాలం అన్న మాట దగ్గర మొదలుపెట్టి, దగ్గు మీదుగా, మందుల షాపు దాకా.

ఆదాం మేస్త్రీ మంచం మీద లేచి కూర్చున్నాడు. "నా ఆయుష్షు గురించి విచారణ చేశావా సాయిబూ?"

"మిరపకాయ టిక్కీ అయితే చెయ్యి పెట్టి చూసేవాణ్ణి మేస్త్రీ. మనిషికి ఏం పెట్టి చూసేది?"

"ఒళ్ళో చేటెడు మిరపకాయలు పెట్టుకుని మీ ఆవిడ నా ఎదురుగా తొడిమలు తీస్తా ఉంటే దగ్గక పాట పాడమంటావా!"

ముందు నీళ్ళతొట్టి ఆవిడ నవ్వింది. తర్వాత పాస్టరు గారు. ఆఖరికి మేస్త్రీ కూడా నవ్వి, చుట్టూ ఉన్న జనాన్ని ఒకసారి పరకాయించి చూసుకున్నాడు. తన కోసం ఇంతమంది వస్తారని అతను ఎప్పుడూ అనుకోలేదు. హెలెన్ మాత్రం నవ్వలేదు. నజీర్ చేతిలోంచి బ్రెడ్డు లాక్కుంది.

"ఇటివ్వన్నా. మాకు అదన్నా మిగలనీ," అంది.

మంచం మీద పడుకుని ఇచ్చిన మాటలు లేచాక వెనక్కి తీసుకోవడం మేస్త్రీ వల్ల కాలేదు. నీళ్ళతొట్టీ, బాత్రూం గట్టూ, మిగతావన్నీ వరసగా బాగు చేసుకొచ్చాడు. నజీర్ ఇల్లు అన్నిటికంటే చివర పడింది. నజీర్, మేస్త్రీ ఏ ఇంట్లో పనిచేస్తుంటే ఆ ఇంటికి పోయి ఇసుక జల్లెడ పట్టి వచ్చాడు.

చివరికి ఆ రోజూ వచ్చింది. గచ్చుకు బెజ్జాలు వేసి, సిమెంటు పాలు ఎక్కించారు. అడుగునుంచి ఎవరో భుజం పెట్టి ఎత్తినట్టు గచ్చు కాస్త కాస్తగా లేచింది. ఆరేదాకా మాబూబీని లోపలి గదిలో ఉంచి, ఆరాక మేస్త్రీ ఎదుటే బయటికి తెచ్చాడు నజీర్. నిమ్మకాయ పెట్టి వదిలాడు. నిమ్మకాయ కదల్లేదు. వేలితో పొడిచాడు. కొంచెం పోయి, ఆగిపోయింది.

"ఇంక నీకు భయం లేదు," అన్నాడు భార్యతో. అతని కళ్ళు మెరుస్తున్నాయి.

"వదినా! పప్పులోకి చింతకాయ వేశావా, మామిడికాయా?" పిట్టగోడ అవతలినుంచి వెంకటరావమ్మ కేకేసింది.

మాబూబీ ఎడమచెయ్యి అలవాటుగా కిందికి పోయి బ్రేకు వదిలింది. కుర్చీ కదల్లేదు. ఎడమచేత్తో చక్రం తిప్పింది. కుర్చీ ఉన్నచోటే గుండ్రంగా తిరిగి ఆమెను గోడకి వీపుగా నిలబెట్టింది. మళ్ళీ తిప్పింది. ఈసారి భర్తకి ఎదురుగా తెచ్చింది.

నజీర్ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. "బ్రేకు నువ్వే తీసేదానివా?"

ఆమె చేతిలో లేని మిరపకాయను అదుముతున్నట్టు కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. "ఒక్క చెయ్యి మనిషిని. ఆ వాలు ఉండబట్టి రోజుకొకసారి నా అంతట నేను ఎక్కడికన్నా పోయేదాన్ని."

"నాకు చెప్పొద్దూ? నేను తోసుకుపోయేవాణ్ణి కదా!"

"తోస్తావు. నాకు తెలీదా? అది నువ్వు తీసుకుపోవడం అవుద్ది." మెల్లగా అంది. "వచ్చేటప్పుడు ఎటూ నువ్వే పరుగెత్తుకొచ్చేవాడివి. అది కూడా బాగుండేది."

నజీర్ వంగి నిమ్మకాయ తీసుకుని చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. ఇంతకాలం తను పరుగెత్తుకొచ్చిన పరుగులన్నీ అతనికి ఒక్కసారి గుర్తొచ్చాయి. ప్రతిసారీ ఆమె భయంతో కేకేసిందనుకున్నాడు గానీ, ఒక్కసారైనా కేకేసినట్టు గుర్తు రాలేదు.

మాబూబీ మేస్త్రీ వైపు తిరిగింది. "నీ గ్యారంటీ కుంగితేనేనా మేస్త్రీ? కుంగకపోతే ఏమీ లేదా?"

ఆదాం మేస్త్రీ కుర్చీ వైపు చూశాడు, పిట్టగోడ వైపు చూశాడు. జేబులోంచి చాక్‌ముక్క తీసి, గడప దగ్గరనుంచి పిట్టగోడ దాకా ఇంటి గోడ మీద ఒక ఏటవాలు గీత గీశాడు. నిదానమైన వాలు. పిట్టగోడ దగ్గర, చక్రం ఆగడానికి, బెత్తెడు ఎత్తు గట్టు కూడా గీశాడు. రెండడుగులు వెనక్కి వేసి గీతను చూసుకుని, తల ఊపుకున్నాడు.

"మరి దీనికి గ్యారం..." అని నోరు తెరిచిన నజీర్, మాబూబీ చూపు తగిలి మిగతాది మింగేశాడు.

మేస్త్రీ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. చెప్పులు తొడుక్కుని, గేటు తీసుకుని సిమెంటు కొట్టు వైపు వెళ్ళిపోయాడు. వీధి మలుపులో అతని దగ్గు వినిపించింది.

నజీర్ ఈసారి ఎవరినీ ఏమీ అడగలేదు.