మృతఝంకారం

ఆటలో వెర్నా చావదు. ఎల్మర్ టోలెఫ్‌సన్ బాధల్లా అదే.

ఆదివారం చర్చి నుంచి రాగానే అమెరికాలోని షెబోయ్గన్‌లో వాళ్ళ వంటింటి బల్ల మీద, కథ అల్లుకుంటూ ఆడే పాచికల ఆట మొదలవుతుంది. ఎల్మర్ ఆటపెద్ద. కథా, రాక్షసులూ, వాళ్ళ గొంతులూ అన్నీ అతనివే. ఆటలో బావమరిది రూబెన్ గొడ్డలి వీరుడు. భార్య వెర్నా, మిరాబెల్ అనే పూజారిణి. ఎల్మర్ ఎంత ముద్దుగా తయారుచేసిన రాక్షసుణ్ణయినా మిరాబెల్ మట్టి కరిపించేది.

ఈసారి పందెం పడింది. మేడ మీద అద్దెగది ఖాళీ అయింది. మిరాబెల్ చస్తే అది ఎల్మర్ ఆటగది. బతికితే వెర్నా మగ్గం గది.

"ఓడిపోయాక మూతి ముడవకూడదు," అంది వెర్నా.

"ముడిచేది నువ్వే!"

వారమంతా ఎల్మర్ కాలు నిలవలేదు. గడ్డం గీసుకుంటూ ఝుమ్మన్నాడు, బూట్లు తొడుక్కుంటూ ఝుమ్మన్నాడు.

"జలుబు చేసిందా?" అని వెర్నా కషాయం కాచి ఇచ్చింది. కొత్త రాక్షసుల రహస్యం దాచుకోవడానికి తాగక తప్పలేదు.

ఆదివారం రానే వచ్చింది. ఎల్మర్ ఒక డబ్బా తెచ్చి బల్ల మీద నల్లగా కుమ్మరించాడు.

"మృతఝంకారం! చచ్చి లేచిన కందిరీగల దండు! నరికితే గాలిని నరికినట్టే! కాలిస్తే బూడిద కూడా కుడుతుంది!"

"అవి నా కేకులో వేసే నల్ల గసగసాలు కదూ?"

"కందిరీగలు!"

"కందిరీగలు నా డబ్బాలో ఎందుకున్నాయి?"

ఎల్మర్ ఫ్యాన్ వేశాడు, దండు ఎగిరితే బాగుంటుందని. ఎగిరింది. రూబెన్ గడ్డంలోకి, కిటికీ తెరల్లోకి, జున్ను సూప్‌లోకి.

"బావా, నా సూప్‌లో దయ్యాలు పడ్డాయి!"

"తాగకు!"

"తాగేశాను. బాగుంది."

యుద్ధం భీకరంగా సాగింది. గొడ్డలి వీరుడు తిప్పిన గొడ్డలి తిప్పినట్టే ఉండగా కూలిపోయాడు. ఎల్మర్ ఆనందం పట్టలేక కుర్చీ ఎక్కాడు.

"మిరాబెల్ ఒంటరిది! చుట్టూ దండు! ఏం చేస్తావ్?"

వెర్నా జుట్టులోంచి గసగసాలు దులుపుకుంది. "వీటికి రాణి ఉందా?"

ఎల్మర్ ఆ సంగతే ఆలోచించలేదు. కానీ రాణి లేని తుట్టె ఉంటుందా? "ఉంది. అదీ చచ్చిందే."

"నాకు చచ్చినవాళ్ళతో మాట్లాడే మంత్రం ఉంది." పాచిక వేసింది. పారింది. "రాణిని పిలువు."

ఎల్మర్ గొంతు సన్నం చేశాడు. "ఎవర్రా అది?"

"నేనేనమ్మా, మిరాబెల్‌ని. పోయాక కూడా ఈ తిరుగుడేమిటి తల్లీ?"

"ఏం చెప్పను! మాంత్రికుడు లేపి తిప్పుతున్నాడు. కుట్టు, కుట్టు అనడమే కానీ, తిన్నావా, అలిసిపోయావా అని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు!"

"అయ్యో! మా గుడి గంటగూట్లో చోటుంది. చల్లగా, చప్పుడు లేకుండా. పిల్లల్ని తీసుకొచ్చి పడుకో."

రాణి గొంతు వణికింది. "తరిమెయ్యవు కదా?"

"తరమను. ఒట్టు."

"అయితే వచ్చేస్తున్నాం తల్లీ! దార్లో ఆ మాంత్రికుణ్ణి కుట్టి చంపి మరీ వస్తాం!" అని ఎల్మర్ కుర్చీ మీదే రెక్కలు కొట్టాడు. ఏడాది పాటు నడిపిద్దామనుకున్న తన మాంత్రికుణ్ణి అరనిమిషంలో కుట్టి చంపేశాడు. రూబెన్ చప్పట్లు కొట్టాడు.

"మిరాబెల్ బతికే ఉందా?" అంది వెర్నా మెల్లగా.

రెక్కలు ఆగిపోయాయి. "ఉంది," అంటూ ఎల్మర్ కుర్చీ దిగాడు.

ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాలిద్దరూ చెరోవైపు పట్టుకుని మగ్గాన్ని మెట్లెక్కిస్తున్నారు.

"రాణి కరిగిపోతుందని నీకెలా తెలుసే?" అన్నాడు ఎల్మర్ రొప్పుతూ.

"రాణి సంగతి నాకేం తెలుసు? నీతో నాలుగు మంచిమాటలు ఆడితే ఏమవుతావో తెలుసు. కాస్త ఎత్తు, నీ వైపు దిగిపోతోంది."

ఎల్మర్ ఎత్తాడు.