ముప్ఫై పౌండ్ల దారం

విశ్వేశ్వరరావు వంతెనలు కట్టే ఇంజినీరు. ఏదైనా కొంటే గట్టిది కొనాలన్నది ఆయన సిద్ధాంతం. ఆయనింట్లో బట్టలారేసే తీగ మీద ఏనుగును కూడా ఆరేయవచ్చు. ఉండేది లండన్‌లో. కెనడాలో కూడా ఒక లండన్ ఉందని ఊళ్లో బంధువులకు తెలియదు, ఈయన చెప్పనూ లేదు.

ఆ ఏడాది వచ్చిన ప్రతి విమానంలోంచీ మనవాళ్ల పిల్లలే దిగారు. విశ్వేశ్వరరావు బేస్‌మెంట్‌లోనూ నలుగురు చేరారు. పగలు కాలేజీ, సాయంత్రం కాఫీ షాపులో పని, మధ్యలో నూడుల్స్. చేపల పులుసు మొహం చూసి నెలలైందని ఒకనాడు కరీంనగర్ ప్రజ్వల్ నిట్టూర్చాడు. విశ్వేశ్వరరావు గుండె కరిగింది, దాంతోపాటు నోరూ జారింది.

"ఆదివారం పైకి భోజనానికి రండి. ఇక్కడి సరస్సులో దొరికే బాస్ అనే చేపను నేనే పట్టి తెస్తా."

"మీకు ఫిషింగ్ వచ్చా అంకుల్?" అంది అనకాపల్లి ధరణి.

"రాకపోవడానికేముందమ్మా? అంతా లెక్కే!"

సాయంత్రానికి ఆ మాట కాలేజీ దాకా పాకింది. ఇక ఖాళీ చేతులతో తిరిగొస్తే ఆయన తన ఇంట్లోనే తలెత్తుకుని తిరగలేడు.

మర్నాడు భార్య కమలకుమారిని వెంటబెట్టుకుని గాలాలమ్మే షాపుకెళ్లాడు. షాపాయన దారం చుట్టే రీలున్న రెండు సన్నటి స్పిన్నింగ్ రాడ్లు, ఎరకు చిటికెన వేలంత రబ్బరు వానపాములు ఇచ్చాడు. "దీనికి ఆరు పౌండ్ల లైన్ చాలు. నీళ్లు తేటగా ఉంటాయి, లావు లైన్ అయితే చేపకు కనబడిపోతుంది," అని కూడా చెప్పాడు.

విశ్వేశ్వరరావు భార్యను పక్కకు లాగాడు. "ఆరు పౌండ్ల బరువు లాగితే తెగిపోయే దారమట! చేపే ఆరు పౌండ్లుంటే? సేఫ్టీ ఫ్యాక్టర్ ఐదు వేసుకో, అంటే ఐదు రెట్ల బలం. ముప్ఫై!"

"దాన్ని పట్టాలండీ, దాని మీంచి లారీలు నడపక్కర్లేదు."

"నీకు తెలీదు కమలా."

"షాపాయనకి తెలుసుగా?"

"తెగే దారం అమ్మితేనే కదా మళ్లీ వచ్చి కొంటాం! అదీ వాడికి తెలిసింది."

తన రాడ్‌కు ముప్ఫై పౌండ్లది చుట్టించుకున్నాడు. కమలది ఎలాగూ సరదాకే కాబట్టి దానికి ఆరు చాలన్నాడు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ సరస్సు ఒడ్డున నిలబడ్డారు. విశ్వేశ్వరరావు రాడ్ ఝళిపించాడు. లావు దారం రీలు మీంచి జంతికల్లా చుట్టలు చుట్టలుగా ఊడిపడింది. వానపాము వెళ్లి ఆయన బూటు మీదే వాలింది. చివరికి ఒడ్డు నుంచి నీళ్లలోకి వేసిన చెక్క వంతెన కొసకు నడిచివెళ్లి దాన్ని చేత్తోనే నీళ్లలోకి విసిరాడు.

కాసేపటికి దారం బిగుసుకుంది.

"కమలా! రాక్షసి పడింది!"

"కదలట్లేదేమిటండీ?"

"భయపడిపోయింది!"

ఆయన కాళ్లు తన్నిపెట్టి లాగాడు. ఆ రాక్షసి నీళ్లలో మునిగిన చెట్టు మొద్దు. అది కదల్లేదు, దారం తెగలేదు, రాడ్ మాత్రం ఫటేలున విరిగింది. ఆ ఊపుకి విశ్వేశ్వరరావు వెళ్లి నడుం లోతు నీళ్లలో కూలబడ్డాడు.

"చూశావా, దారం తెగలేదు!" అన్నాడు నీళ్లలోంచే, గర్వంగా.

"చూశాను. ఒక్క దారాన్నే బలంగా పెడితే పక్కది విరుగుతుందని మీకు కాలేజీలో చెప్పలేదా?"

చెప్పకపోవడమేమిటి, ఆయనే ఆఫీసులో కుర్రాళ్లకు వారానికోసారి చెబుతాడు.

ఇంతలో కమల రీలు జుయ్యిమంది.

"బిగించు! బిగించు!"

"మీరు ముందు బయటికి రండి."

కమల బిగించలేదు. షాపాయన చూపించినట్టు రీలును కాస్త వదులుగానే ఉంచింది. చేప పరిగెడితే దారం వదిలింది, అది అలిసి ఆగితే చుట్టింది. మళ్లీ వదిలింది, మళ్లీ చుట్టింది. వెంట్రుకంత దారం చివర మూరెడు బాస్ చేప ఒడ్డుకొచ్చింది. విశ్వేశ్వరరావు తడిసిన ప్యాంటు సంగతి మరిచిపోయి చప్పట్లు కొట్టాడు.

కారెక్కాక పరువు గుర్తొచ్చింది.

"కమలా, పిల్లల ముందు... నేనే పట్టానని..."

"అలాగే. నేను నోరెత్తను."

మధ్యాహ్నం ముక్కలు తక్కువైనా పులుసు గుమగుమలాడింది. ప్రజ్వల్ రెండో ముద్ద దగ్గరే కదిలించాడు. "ఎట్ల పట్టిండ్రు అంకుల్?"

కమల మాట ప్రకారం తలొంచుకుని వడ్డిస్తోంది. విశ్వేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు.

"ఆరంటే ఆరే పౌండ్ల దారం! అటు చేప గింజుకుంటోంది. పక్కన ఒక వెధవ బిగించు బిగించు అని ఒకటే అరుపులు. వింటేనా? వదలడం, చుట్టడం, వదలడం, చుట్టడం! చేతులు వణికితే ఒట్టు! నా జన్మలో అంత నేర్పు చూళ్లేదు. అదిరా మా కమలంటే!"

గది గొల్లుమంది. ఆయన నాలుక కరుచుకున్నాడు.

"మాకు పొద్దున్నే తెలుసు అంకుల్," అంటూ ధరణి ఫోన్ చూపించింది. ఒడ్డున ఎవరిచేతో తీయించిన ఫోటోను కమల అప్పుడే పిల్లల గ్రూప్‌లో పెట్టేసింది. ముందు చేపతో ఆవిడ, వెనకాల విరిగిన రాడ్‌తో, నీళ్లు కారుతూ ఈయన.

"నోరెత్తనన్నావుగా!"

"ఎత్తలేదే. మీరు చెప్తే వినాలనే ఆగాను," అంది కమల, చేప తలకాయ ఆయన కంచంలోనే వేస్తూ.

విశ్వేశ్వరరావు ఫోటోను చాలాసేపు చూశాడు. కమల నవ్వు సరస్సంతా పరుచుకున్నట్టుంది. ఆయనకు ఎక్కడలేని గర్వం పుట్టుకొచ్చింది.

"ఇది నాకూ పంపమ్మా, మా బంధువుల గ్రూప్‌లో పెట్టాలి. ఆ రాడ్‌ను మాత్రం కత్తిరించెయ్."

"మరి మిమ్మల్ని అంకుల్?"

"నన్నుంచు. ఆవిడ మొగుణ్ణని తెలియాలి కదా!"