పెద్దసాహెబ్ మైకు ఆగినప్పుడు

ఆదివారం సాయంత్రం కుంఠా నాకా ప్రజలు రాష్ట్ర భవిష్యత్తును కళ్లారా చూడబోతున్నారని వాసుదేవ్ ఆటోకు మైకు కట్టించి పేటలన్నీ తిరిగి ప్రకటించాడు. కార్పొరేషన్ ఎన్నికల ముందు రెండు పార్టీల పెద్దలు టీవీలో కూర్చుని చర్చిస్తారు. అది చూస్తున్న సామాన్య ఓటరు స్పందనను చానెల్ వారు సోలాపూర్ నుంచి, అందునా వాసుదేవ్ కార్ఖానా నుంచి, నేరుగా ప్రసారం చేస్తారు.

"స్పందన సహజంగ ఉండాలె. నేను చెయ్యి ఎత్తినప్పుడే ఉండాలె," అని కూడా మైకులోనే చెప్పాడు.

వాసుదేవ్ త్యాగశీలి. ప్రజాసేవ కోసం మీసాలు రాకముందే కార్ఖానా పని మానేశాడు. తండ్రి వదిలిన సాంచాలను, అంటే కరెంటు మగ్గాలను, భార్య చంద్రభాగ, పాత పనివాడు నర్సయ్య నడుపుతుంటే తాను పార్టీ జెండా నడిపాడు. నాకా మీద అతని ఫ్లెక్సీ 'భావీ నగర్‌సేవక్' అని, అంటే కాబోయే కార్పొరేటర్ అని, చాలా ఎండాకాలాలు చూసింది. బొమ్మ వెలిసిపోయింది గానీ 'భావీ' అలాగే ఉంది. ఈసారి మాత్రం జిల్లా అధ్యక్షుడు మాటిచ్చాడు. చర్చలో కూర్చునే పార్టీ పెద్దసాహెబ్, టీవీలో జనం స్పందన చూసి స్వయంగా టికెట్ ఖాయం చేస్తారట.

చంద్రభాగకూ ఆ టికెట్ రావాలనే ఉంది. మొగుడు ఏదో ఒకటి అయిపోతే, ఇంకేదో కావాలనే బాధ తప్పుతుందని ఆమె ఆశ.

సాంచాలన్నీ ఆపి, గోడకు పెద్ద తెర కట్టారు. అంత నిశ్శబ్దం అలవాటు లేక పనివాళ్లు దగ్గర దగ్గరగా జరిగి కూర్చున్నారు. సాంచాల చప్పుడులో పక్క మనిషి అరిచినా వినపడదు. అందుకే అక్కడ తెలుగైనా మరాఠీ అయినా మాటను పెదాల మీదే చూస్తారు. చింతపండు అడగటం నుంచి పెళ్లి సంబంధం దాకా అన్నీ చప్పుడు లేకుండానే తేలిపోతాయి. ఆ విద్య వాసుదేవ్‌కు అబ్బలేదు. అతను మైకు మనిషి.

చర్చ మొదలైంది. గొడవలు రాకుండా చానెల్ వారు మంచి ఏర్పాటు చేశారు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారి మైకు ఆపేస్తారు. తెర మీద మాత్రం ఇద్దరూ చెరో పెట్టెలో కనిపిస్తూనే ఉంటారు.

అవతలి పార్టీ సాహెబ్ నేతగాళ్ల కన్నీళ్ల గురించి గద్గదంగా చెప్పసాగాడు. కార్ఖానాలో ఎవరూ ఆయన్ని చూడలేదు. మైకు ఆగిన పెద్దసాహెబ్ వెనక్కి వంగి పీఏతో ఏదో అన్నాడు. జనం ఒక్కసారిగా గొల్లున నవ్వారు.

"ఏమన్నడే?" కళ్లజోడు మరిచివచ్చిన మంగళత్త చంద్రభాగను గిల్లింది.

"సోలాపూర్ల నేసేది తువ్వాలలా, చీరలా అని అడుగుతున్నడత్తా."

తెర పక్కన నిలబడ్డ వాసుదేవ్ ఆనందంతో అధ్యక్షుడికి ఫోన్ చేశాడు. "దాదా, అవతలోడు ఏడుస్తుంటే మా జనం నవ్వుతున్నరు! మస్త్ రియాక్షన్!"

తర్వాత పెద్దసాహెబ్ వంతు. ఆయన వేలు ఎత్తాడు. వాసుదేవ్ చెయ్యి ఎత్తాడు. చప్పట్లు పడలేదు. అందరూ రెండో పెట్టెలో మైకు ఆగిన సాహెబ్‌నే చూస్తున్నారు.

"జల్ది ముగించమంటున్నడు. ఇద్దరూ ఒకటే ఇమానంల పోవాలెనంట," చంద్రభాగ చెప్పింది.

"పోనీ తియ్యి, దారిల ముచ్చటకు తోడుంటది," అంది మంగళత్త.

వాసుదేవ్ పళ్లు కొరుకుతూ వచ్చాడు. "చప్పట్లేవి? అటేం చూస్తున్నరు? మన సాహెబ్ ఇటున్నడు!"

"ఆయన మాటలు దినాం నీ ఆటోల ఇంటనే ఉన్నం గద బిడ్డా," అన్నాడు నర్సయ్య. "ఆయన మైకు ఆగనియ్యి, మల్ల చూస్తం."

మైకు మళ్లీ అవతలికి పోయింది. పీఏ ఒక కాగితం చూపించాడు. పెద్దసాహెబ్ పెదాలు కదిలాయి: కుంఠా నాకా టికెట్ అవతలి సాహెబ్ అల్లుడికి ఇచ్చెయ్, ఎల్లుండి మన పార్టీలోకి వస్తున్నాడు.

నవ్వులు ఆగిపోయాయి.

"ఇప్పుడేమన్నడే?" అంది మంగళత్త. చంద్రభాగ మొగుడి వైపు చూసింది.

అంతలో రిపోర్టర్ నమ్రత మైకు పట్టుకుని వచ్చింది. తెర మీద మూడో పెట్టె తెరుచుకుని అందులో వాసుదేవ్ ప్రత్యక్షమయ్యాడు. కార్ఖానా అంతా తన వైపే తిరగడం చూసి అతను దండం పెట్టాడు.

"మీ స్పందన?" మరాఠీలో అడిగింది నమ్రత.

"ఏం చెప్పాలె మేడమ్! పెద్దసాహెబ్ నన్ను పేరు పెట్టి పిలుస్తరు. మేము ఇంటి మనుషులం!"

పక్క పెట్టెలో పెద్దసాహెబ్ చల్లగా నవ్వి చెయ్యి ఊపాడు. ఆ నవ్వు చెదరకుండానే పీఏ వైపు వంగాడు: ఎవడ్రా వీడు?

"చూసిన్రా! చెయ్యి ఊపిండు!" వాసుదేవ్ తెర వైపు వేలు చూపాడు. "ఏందో అన్నడు గూడ. నీకు తెలుస్తది గద, ఏమన్నడే చంద్రా?"

అందరూ చంద్రభాగను చూశారు. కెమెరా కూడా చూసింది. ఆమె లేచి వెళ్లి ఒక సాంచా బటన్ నొక్కింది. నర్సయ్య ఇంకొకటి నొక్కాడు. ఒకటి తర్వాత ఒకటి సాంచాలన్నీ లేచాయి. నమ్రత చెవులు మూసుకుంది.

ఆ మోతలో చంద్రభాగ మొగుడికి ఎదురుగా నిలబడి చెప్పింది. తువ్వాలలూ, విమానం, అల్లుడూ, చివరి మాటా, దేన్నీ వదలకుండా చెప్పింది. పనిలో పడ్డ చేతులు ఆగలేదు గానీ కార్ఖానాలో ప్రతి కన్నూ ఆమె పెదాల మీదే ఉంది.

ఒక్క మాటా అందకపోయినా వాసుదేవ్ తల ఊపుతూ, కళ్లు తుడుచుకుంటూ ఆమెనే చూశాడు.

తెర మీద యాంకర్ పెదాలు కదులుతున్నాయి: సోలాపూర్‌లో స్పందన ఎంత బలంగా ఉందంటే, మాకు మాటలే వినపడటం లేదు.

"నేను చెప్పలే!" అని అరిచి వాసుదేవ్ టికెట్ సంబరానికి తెచ్చిన పేడాల మిఠాయి డబ్బా తెరిచాడు. మొదటి పేడా, ఇంకా చెబుతూనే ఉన్న భార్య నోట్లో పెట్టాడు.